తాళం రాని కాళ్లు: లోపం చెవిలోనా, ఆలస్యంలోనా?

దక్షిణ కోల్‌కతాలో రవీంద్ర సరోవర్ చెరువుకు దగ్గరలో ఒక కమ్యూనిటీ హాలు. సాయంత్రం ఆరున్నర. ఇరవై మంది దాకా ఆడవాళ్లం వరుసల్లో నిలబడ్డాం. స్పీకర్‌లో పాట మొదలైంది. ముందు నిలబడ్డ ట్రైనర్ కుడివైపు రెండు అడుగులు వేసింది. అందరూ వేశారు. నేనూ వేశాను, కాకపోతే అప్పటికే అందరూ ఎడమవైపు తిరిగి వచ్చేస్తున్నారు. పక్కనున్నావిడ భుజం నా భుజానికి గట్టిగా తగిలింది. ఆవిడ నవ్వి ఊరుకుంది. నేను మాత్రం మెల్లగా జరుగుతూ వెనక గోడ దగ్గరికి చేరాను.

ఆ గోడ నాకు కొత్త కాదు. ఆరో తరగతిలో స్కూలు వార్షికోత్సవానికి కోలాటం నేర్పారు. కోలాటంలో ఒక్కరు తప్పినా ఆ తప్పు వాళ్ల దగ్గరే ఆగదు. కర్ర ఎదుటివాళ్ల కర్రకు తగలాల్సిన చోట వేళ్లకు తగులుతుంది. మూడో రోజు నా వల్ల ఒక స్నేహితురాలి వేలు వాచింది. "నీకు తాళం లేదమ్మా" అని టీచరు నన్ను తెర లాగే పనిలో పెట్టారు. ఆవిడ కోపంగా కూడా అనలేదు. అందుకేనేమో, ఆ మాటను నేను నిజమనే నమ్మాను. ఆ తర్వాత పెళ్లిళ్లలో బ్యాండు మోగినా, వినాయక నిమజ్జనంలో తీన్మార్ మోగినా, చెప్పుల దగ్గర కాపలా ఉండే మనిషిని నేనే.

మరి ఇన్నేళ్ల తర్వాత ఈ క్లాసుకు ఎందుకు వచ్చినట్టు? మొన్న రక్తపరీక్షలో హెచ్‌బీఏ1సీ 6.1 వచ్చింది. గడిచిన రెండు మూడు నెలల సగటు చక్కెరను చెప్పే కొలత అది. 5.7 నుంచి 6.4 మధ్య ఉంటే ప్రీడయాబెటిస్ అంటారు, అంటే మధుమేహం గుమ్మం దగ్గర నిలబడ్డట్టు. ఐసీఎంఆర్ చేయించిన దేశవ్యాప్త సర్వే ఫలితాలు 2023లో వెలువడ్డాయి. వాటి అంచనా ప్రకారం మన దేశంలో 10.1 కోట్ల మందికి మధుమేహం ఉంటే, 13.6 కోట్ల మంది నాలాగా గుమ్మంలో ఉన్నారు. డాక్టరు గారు వ్యాయామం చేయమన్నారు. జిమ్‌కు రెండు వారాలు వెళ్లి మానేశాను. నడకకు వర్షాలు అడ్డొచ్చాయి. ఇంటి దగ్గర మిగిలింది ఈ డాన్స్ ఫిట్‌నెస్ క్లాసు ఒక్కటే.

అందుకే ఈసారి గోడ దగ్గర నిలబడి ఒక ప్రశ్న వేసుకున్నాను. నాకు తాళం లేదన్న మాట నిజమేనా? నిజమైతే ఆ లోపం ఎక్కడుంది?

మద్దెల ఓడు కాదు

ఫిజిక్స్ చదివిన బుర్ర ముందు స్పీకర్‌నే అనుమానించింది. స్పీకర్ హాలుకు ముందు మూల ఉంది. నేను దానికి సుమారు 12 మీటర్ల దూరంలో ఉన్నాను. గాలిలో ధ్వని వేగం సెకనుకు దాదాపు 340 మీటర్లు. అంటే పాట నా చెవికి చేరడానికి పట్టే సమయం 0.035 సెకను. ముందు వరుసలో వాళ్లకంటే నాకు ఆ మాత్రం ఆలస్యంగా వినిపిస్తుంది. నేను వెనకబడుతున్నది అంతకు ఎన్నో రెట్లు. ఆడలేక మద్దెల ఓడు అన్న సామెత నా విషయంలో అక్షరాలా నిజమైంది. స్పీకర్‌ను నిర్దోషిగా వదిలేశాను.

మద్దెల అంటే గుర్తొచ్చింది. మద్దెల ఎందుకంత ఇంపుగా పలుకుతుందో శాస్త్రీయంగా తేల్చిన పని ఈ నగరంలోనే జరిగింది. విశాఖపట్నంలో చదువుకుని, 1907లో ప్రభుత్వ ఉద్యోగిగా కలకత్తా వచ్చిన సి.వి. రామన్ ఖాళీ వేళల్లో బౌబజార్ వీధిలోని ఇండియన్ అసోసియేషన్ ఫర్ ది కల్టివేషన్ ఆఫ్ సైన్స్‌లో ప్రయోగాలు చేసేవారు. మామూలు డప్పు చర్మం కంపించినప్పుడు పుట్టే స్వరాలు ఒకదానితో ఒకటి పొసగవు. మృదంగం, తబలా చర్మం మీద అతికే నల్లని పూత ఆ కంపనాలను సర్దుతుంది. దాంతో అవి ఒక మూల స్వరానికి రెండింతలు, మూడింతలు అన్నట్టు వరుస కడతాయి. దీనిపై రామన్, శివకాళీ కుమార్ రాసిన వ్యాసం 1920లో 'నేచర్' పత్రికలో వచ్చింది.

శ్రుతి తల్లి, లయ తండ్రి అంటారు మన సంగీతంలో. రామన్ చూపించింది శ్రుతి సంగతి. స్వరం ఎక్కడ పుడుతుందో చర్మం మీద వేలు పెట్టి చూపవచ్చు. లయను అలా చూపలేం. వాయిద్యం నుంచి వచ్చేవి దెబ్బలు మాత్రమే. వాటిలో ఏది బలమైనది, తర్వాతి దెబ్బ ఎప్పుడు పడాలి అన్నది కట్టుకునేది మన మెదడు.

ఊయలలో ఉన్నప్పుడే

ఈ పని మెదడు ఎంత తొందరగా మొదలుపెడుతుందో 2009లో హంగరీకి చెందిన ఇష్ట్వాన్ వింక్లర్ బృందం చూసింది. పుట్టి రెండు మూడు రోజులైన పసికందులు నిద్రపోతుండగా వాళ్లకు డ్రమ్ దరువు వినిపించారు. తల మీద అమర్చిన ఎలక్ట్రోడ్లతో మెదడు సంకేతాలను నమోదు చేశారు. దరువులో ముఖ్యమైన మొదటి దెబ్బను మధ్యలో ఎక్కడైనా ఎగరగొడితే, 'ఇక్కడ ఏదో రావాలే, రాలేదే' అన్నట్టుగా ఆ మెదళ్లు స్పందించాయి. అంటే లేని దెబ్బ కోసం అవి ఎదురుచూశాయి.

లయ కేవలం చెవి వ్యవహారం కాదని మరో పరిశోధన చెప్పింది. 2007లో జెస్సికా గ్రాన్, మాథ్యూ బ్రెట్ ప్రచురించిన అధ్యయనంలో పాల్గొన్నవారు స్కానర్‌లో కదలకుండా పడుకుని దరువులు విన్నారు. స్పష్టమైన బీటు ఉన్న దరువు వినగానే మెదడు లోతున ఉండే బేసల్ గాంగ్లియా, పైన ఉండే సప్లిమెంటరీ మోటార్ ఏరియా చురుకయ్యాయి. ఇవి రెండూ శరీర కదలికలను నడిపే భాగాలు. కాలు కదపకపోయినా, కదలికల యంత్రాంగం లోపల సిద్ధమవుతోందన్నమాట.

నిజంగా బీటు తెలియని వారు

మరి లయ నిజంగానే అందని మనుషులు ఉంటారా? ఉంటారు, కానీ అరుదు. మాంట్రియల్‌లో ఇసబెల్ పెరెట్జ్‌తో కలిసి పనిచేసిన పరిశోధకులు 2011లో ఒక యువకుడి గురించి రాశారు. వ్యాసంలో అతన్ని మాథ్యూ అన్నారు. పాటకు అనుగుణంగా మోకాళ్లు వంచుతూ పైకీ కిందికీ ఊగమంటే మిగతా వాళ్లందరూ ఊగారు. మాథ్యూ మాత్రం చాలా పాటల్లో బీటును పట్టుకోలేకపోయాడు. వీడియోలో ఒకరు బీటు తప్పి డాన్స్ చేస్తున్నా చాలాసార్లు గుర్తించలేకపోయాడు. ఆశ్చర్యం ఏమిటంటే, పాట ఆపి ఉత్త మెట్రోనోమ్ టిక్కులు వినిపిస్తే దాదాపు అందరిలాగే ఊగాడు. అంటే కాళ్లలో లోపం లేదు, లోపలి గడియారంలోనూ లేదు. పాట అనే గుంపులోంచి బీటును వెతికి పట్టుకోవడమే అతనికి సాధ్యం కాలేదు.

ఇది ఎంత అరుదో అంచనా వేయడానికి ఇంకో అధ్యయనం ఉంది. 2022లో ప్రచురితమైన ఒక జన్యు పరిశోధనలో 6 లక్షల మందికి పైగా 'మీరు సంగీతం బీటుకు తగ్గట్టు చప్పట్లు కొట్టగలరా?' అన్న ప్రశ్నకు జవాబిచ్చారు. దాదాపు 92 శాతం మంది కొట్టగలమన్నారు. ఈ సామర్థ్యంతో ముడిపడిన 69 స్థానాలు జన్యుపటంలో కనిపించాయి. ఏ ఒక్క జన్యువో దీన్ని తేల్చేయదు, చాలా జన్యువులు తలా కొంచెం ప్రభావం చూపుతాయి. కాబట్టి 'తాళం ఉన్నవాళ్లు, లేనివాళ్లు' అని మధ్యలో గీత గీయడం కుదరదు. ఎత్తు, బరువుల్లాగే ఇది కూడా కొందరిలో ఎక్కువ, కొందరిలో తక్కువగా ఉండే గుణం.

ఆ రాత్రి ఇంట్లో చిన్న పరీక్ష పెట్టుకున్నాను. ఫోన్‌లో మెట్రోనోమ్ యాప్ పెట్టి, టిక్కులకు చప్పట్లు కొడుతూ మరో ఫోన్‌లో రికార్డు చేశాను. తర్వాత ధ్వని తరంగాన్ని తెర మీద సాగదీసి చూశాను. చప్పట్లు టిక్కుల పక్కనే ఉన్నాయి. చాలావరకు టిక్కుకు ఒక రవ్వ ముందే పడ్డాయి. ఇది తప్పు కాదు. తాళం వేయమంటే మనుషులు సాధారణంగా సెకనులో కొన్ని వందో వంతుల ముందే కొడతారని ప్రయోగాల్లో పదేపదే తేలింది. మనం టిక్కు విన్నాక స్పందించడం లేదు, రాబోయే టిక్కును ఊహించి చెయ్యి కదుపుతున్నాం అనడానికి అదే సాక్ష్యం. తర్వాత బాగా తెలిసిన పాత సినిమా పాట పెట్టి కొట్టాను. కొంచెం అటూ ఇటూగా అదీ కుదిరింది.

ఇరవై ఏళ్లకు పైగా మోస్తున్న ముద్ర రెండు ఫోన్ల ముందు నిలబడలేదు. నేను మాథ్యూని కాదు. మరి హాల్లో ఏం జరుగుతోంది?

సగం బీటు ఆలస్యం

రెండో రోజు క్లాసులో నా కాళ్లను కాకుండా నా కళ్లను గమనించుకున్నాను. కళ్లు ఎప్పుడూ ట్రైనర్ పాదాల మీదే ఉన్నాయి. ఆవిడ అడుగు వేయగానే చూసి, అది కుడో ఎడమో తేల్చుకుని, తర్వాత నేను వేస్తున్నాను. పాట చెవుల్లో పడుతోంది గానీ దాన్ని నేను వాడుకోవడమే లేదు.

ఇప్పుడు లెక్క కట్టండి. పాట వేగం నిమిషానికి 140 బీట్లు అనుకుంటే, ఒక బీటుకూ తర్వాతి బీటుకూ మధ్య దాదాపు 0.43 సెకను. కంటితో ఒక మార్పును చూసి కదలడానికి మనిషికి సుమారు 0.2 సెకను పడుతుంది. కుడా ఎడమా అని ఎంచుకోవాల్సి వస్తే ఇంకా ఎక్కువ. అంటే చూసి కాపీ కొట్టే మనిషి ఎంత చురుకైనా దాదాపు సగం బీటు వెనకే ఉంటాడు. సగం బీటు అంటే అందరి కాలు నేల మీద ఉన్నప్పుడు మన కాలు గాలిలో ఉండటం. పైగా ట్రైనర్ మనకు ఎదురుగా నిలబడితే కుడిఎడమలు తారుమారు. వాటిని మనసులో తిప్పుకోవడానికి మరికొంత సమయం. ఇది లయ లోపం కాదు. ప్రతిస్పందన కాలం.

ఇలాంటి క్లాసుల స్వభావం కూడా దీనికి తోడవుతుంది. వీటిలో పేరు మోసిన జుంబా పుట్టుకే ఒక మతిమరుపు కథ. 1990లలో కొలంబియాలోని కాలి నగరంలో ఏరోబిక్స్ నేర్పే బెటో పెరెజ్ ఒకరోజు క్లాసు పాటల క్యాసెట్లు మరిచిపోయాడు. దగ్గరున్న సాల్సా, మెరెంగే పాటలు పెట్టి అప్పటికప్పుడు ఆడించాడు. ఆ సరదా వాతావరణమే దాని బలం. అందుకే జుంబాలో నోటితో అంకెలు లెక్కపెట్టడం కంటే చేతి సైగలే ఎక్కువ. చూసి చేయడం అలవాటైన వాళ్లకు అది హాయి. మొదటిరోజు వచ్చినవాళ్లకు అదే అడ్డంకి.

కోలాటం రోజుల్లోనూ నేను చేసింది ఇదేనేమో. ఎదుటి అమ్మాయి కర్ర ఎత్తడం చూసి నేను ఎత్తేదాన్ని.

చప్పట్లు నేర్పే పాఠం

క్లాసు అయ్యాక ట్రైనర్ దగ్గరికి వెళ్లి నా లెక్కంతా చెప్పాను. ఆవిడ ఓపిగ్గా విని, బెంగాలీలో "ఆస్తే ఆస్తే" అంది. మెల్లమెల్లగా అని. "చేతులు మర్చిపో దీదీ. కాళ్లు ఒక్కటే. అది కూడా రెండు బీట్లకు ఒక అడుగు."

సగం వేగం. ఆవిడ అనుభవంతో చెప్పిన ఈ మాటకు భౌతికశాస్త్రంలో ఒక చక్కని ఉదాహరణ ఉంది. నాటకం ముగిశాక ప్రేక్షకుల చప్పట్లు ముందు వాన చినుకుల్లా గందరగోళంగా ఉంటాయి. కాసేపటికి కొన్ని చోట్ల అందరి చప్పట్లూ ఒక్కటైపోతాయి. తూర్పు యూరప్ థియేటర్లలో ఈ చప్పట్లను రికార్డు చేసి జోల్టాన్ నెడా, ఆల్బర్ట్ లాస్లో బరబాసి తదితరులు 2000లో 'నేచర్'లో వ్యాసం రాశారు. చప్పట్లు కలిసే ముందు ప్రతి మనిషీ తన వేగాన్ని దాదాపు సగానికి తగ్గించుకుంటున్నట్టు వాళ్లు గమనించారు. వేగంగా కొట్టేటప్పుడు ఒకరికీ ఇంకొకరికీ తేడాలు ఎక్కువ. నెమ్మదిస్తే ఆ తేడాలు తగ్గి, ఒకరి చప్పుడు ఇంకొకరిని లాక్కోగలుగుతుంది. ఉత్సాహం పట్టలేక మళ్లీ వేగం పెంచగానే ఆ ఐక్యత చెదిరిపోతుంది.

ఒకదాన్నొకటి లాక్కునే ఈ గుణాన్ని మొదట గమనించినవాడు డచ్ శాస్త్రవేత్త క్రిస్టియాన్ హైగెన్స్. 1665లో ఒంట్లో బాగోలేక గదిలో ఉన్నప్పుడు ఆయన ఒక వింత చూశాడు. ఒకే దూలానికి ఆనుకుని ఉన్న రెండు లోలక గడియారాలు ఎలా మొదలుపెట్టినా అరగంటలోపు ఒకదానికొకటి సరిగ్గా ఎదురుగా ఊగడం మొదలుపెడుతున్నాయి. దూలంలోని అతి చిన్న కదలికలే వాటి మధ్య కబురు మోస్తున్నాయి. రెండింటి వేగాలూ దగ్గరగా ఉండి, మధ్యలో ఏదో ఒక లంకె ఉంటే చాలు.

మూడో క్లాసు నుంచి నేను అదే చేశాను. కళ్లు ట్రైనర్ పాదాల నుంచి తీసి ఆవిడ భుజాల మీద పెట్టాను. నోట్లో ఒకటి నుంచి ఎనిమిది దాకా లెక్క. ఈ పాటల్లో అడుగులు చాలావరకు ఎనిమిదేసి బీట్ల మూటలుగా వస్తాయి. మన ఆది తాళానిదీ ఎనిమిది లెక్కే, అందుకే చెవికి అది పరాయిగా అనిపించలేదు. ఏడు, ఎనిమిది వచ్చేసరికి 'ఇప్పుడు మారబోతోంది' అని ముందే తెలిసిపోతుంది. చూసి చేసే పని ఊహించి చేసే పనిగా మారింది. బీటుకు బీటుకు మధ్య వ్యవధి రెట్టింపు కావడంతో, ఆలస్యమైనా సర్దుకోవడానికి చోటు దొరికింది. మూడో వారానికి పూర్తి వేగంలో కాళ్లు కుదిరాయి. చేతులు ఇంకా వాటి దారిన అవి పోతున్నాయి.

కండరానికి తాళం తెలియదు

ఈ కథలో తాళం కంటే ముఖ్యమైన సంగతి ఒకటుంది. నేను బీటు తప్పిన రోజుల్లో కూడా నా శరీరానికి అందాల్సిన మేలు అందుతూనే ఉంది.

కండరం సంకోచించినప్పుడు దాని కణాల్లో గ్లూట్-4 అనే ప్రొటీన్లు కణం ఉపరితలానికి వస్తాయి. రక్తంలోని గ్లూకోజ్ లోపలికి రావడానికి ఇవి ద్వారాలు. మామూలుగా ఈ ద్వారాలను పైకి రప్పించేది ఇన్సులిన్. కానీ కండరం పనిచేస్తున్నప్పుడు ఇన్సులిన్ ప్రమేయం లేకుండా కూడా అవి వస్తాయి. ఇన్సులిన్ మాట సరిగా వినని ప్రీడయాబెటిస్ శరీరానికి ఇది పెద్ద ఊరట. కుడికి వేయాల్సిన అడుగు ఎడమకు వేసినా తొడ కండరం అంతే గ్లూకోజ్‌ను వాడుకుంటుంది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 మార్గదర్శకాల ప్రకారం పెద్దలకు వారానికి 150 నుంచి 300 నిమిషాల మధ్యస్థ వ్యాయామం అవసరం. మాట్లాడగలిగి, పాడలేనంత ఆయాసం వస్తే అది మధ్యస్థం కింద లెక్క. 2022 నాటికి మన దేశంలో పెద్దల్లో దాదాపు సగం మంది ఈ కనీసాన్ని అందుకోవడం లేదని లాన్సెట్ గ్లోబల్ హెల్త్‌లో 2024లో వచ్చిన అంచనా. మగవారిలో 42 శాతం, ఆడవారిలో 57 శాతం. ఆడవాళ్లకు సమయం లేకపోవడం, చోటు లేకపోవడం, నలుగురిలో పరుగెత్తే అలవాటు లేకపోవడం లాంటి కారణాలు ఉన్నాయి. 'నీకు రాదు' అన్న చిన్ననాటి మాట కూడా వాటిలో ఒకటి కావచ్చని నా అనుభవం.

తాళం వల్ల అదనంగా దొరికేది ఒకటుంది. ఆక్స్‌ఫర్డ్‌లో బ్రొన్విన్ టార్, రాబిన్ డన్‌బార్ బృందం చేసిన ప్రయోగాల్లో అందరూ ఒకే అడుగు ఒకేసారి వేస్తూ ఆడినవారు, ఆట తర్వాత ఎక్కువ నొప్పిని తట్టుకోగలిగారు. ఒకరితో ఒకరికి దగ్గరితనం కూడా పెరిగిందని చెప్పారు. శరీరంలో ఎండార్ఫిన్లు విడుదల కావడం దీనికి కారణం కావచ్చని వారి భావన. జిమ్‌ను రెండు వారాల్లో మానేసిన నేను ఈ క్లాసును మానకపోవడానికి కారణం ఇదేనా అని చెప్పలేను గానీ, మొదటిరోజు భుజం తగిలినావిడ ఇప్పుడు నాకోసం పక్కన చోటు ఉంచుతోంది.

అడుగు సరిగ్గా పడటమే నాట్యానికి పరమార్థం కాదని ఈ నగరంలో ఇంకొకరు చాలాకాలంగా చూపిస్తున్నారు. సోహిణి చక్రవర్తి 2004లో స్థాపించిన 'కోల్‌కతా సంవేద్' సంస్థ అక్రమ రవాణా, హింసల నుంచి బయటపడిన ఆడవాళ్లతో డాన్స్ మూవ్‌మెంట్ థెరపీ చేయిస్తుంది. అక్కడ ఎవరి తాళాన్నీ ఎవరూ తూచరు. తన శరీరం తన మాట వింటుందన్న నమ్మకం తిరిగి రావడమే లక్ష్యం.

మీరూ నాలాగే గోడకు చేరబడ్డవారైతే

ముందు ఇంట్లో మెట్రోనోమ్‌తో చప్పట్ల పరీక్ష చేసుకోండి. కుదిరితే మీ లోపలి గడియారం బాగానే ఉంది. క్లాసులో మొదటి రెండు వారాలు చేతులు వదిలేసి కాళ్ల మీదే దృష్టి పెట్టండి, అది కూడా సగం వేగంతో. వెనక వరుస కంటే రెండో వరుస మేలు. ముందున్నవారి వీపు చూస్తూ చేస్తే కుడిఎడమలు తారుమారు కావు. ఎనిమిది లెక్క నోట్లో ఆడనివ్వండి. మోకాళ్ల నొప్పులు, గుండె జబ్బు ఉన్నవారు, చక్కెర మందులు వాడేవారు డాక్టరును అడిగి మొదలుపెట్టాలి.

మూడు నెలల తర్వాత నా హెచ్‌బీఏ1సీ 5.8 వచ్చింది. తిండిలోనూ మార్పులు చేశాను కాబట్టి ఘనత అంతా డాన్స్‌కు ఇవ్వలేను. ఒక్క మనిషి ఫలితం రుజువు కూడా కాదు. ఇంకా గుమ్మం దాటి పూర్తిగా బయటికి రాలేదు.

మధ్యలో దుర్గా పూజలు వచ్చాయి. అష్టమి సాయంత్రం మా వీధి పందిరిలో ఢాక్‌లు మోగుతుంటే, పొగలు కక్కే ధునుచి మట్టిపాత్రలు పట్టుకుని ఆడవాళ్లు ఆడుతున్నారు. పక్కింటి బౌదీ నా చేతికి ఒకటి అందించబోయింది. ఎప్పటిలాగే చెప్పుల దగ్గర నిలబడి ఉన్నాను. ఒకటి నుంచి ఎనిమిది దాకా ఒకసారి లెక్కపెట్టుకుని, ధునుచి అందుకున్నాను. రెండు చోట్ల తప్పాను. ఎవరి వేలూ వాచలేదు.